మెడిటరేనియన్ డైట్ అంటే ఆలివ్ నూనె అనుకునేవాళ్ళకి: అపోహలు - వాస్తవాలు

నేను డైటీషియన్‌ని. గోదావరి డెల్టాలోని పాలకొల్లు, నరసాపురం, రాజోలు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే నా దగ్గరకి ఎక్కువగా వస్తారు. స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చినవాళ్ళు, షుగర్ రిపోర్టు చూసుకున్న దగ్గర్నుంచి నిద్రపట్టనివాళ్ళు. వీళ్ళలో సగం మందికి ఎవరో ఒకరు ముందే చెప్పేసి ఉంటారు, "మెడిటరేనియన్ డైట్ చెయ్యండి, అదే బెస్ట్ అంట" అని. మాట మంచిదే. అది మధ్యధరా (మెడిటరేనియన్) సముద్రం ఒడ్డు దేశాలవాళ్ళ పాతకాలపు తిండి పద్ధతి: కూరగాయలు, పప్పుధాన్యాలు, పండ్లు, చేపలు ఎక్కువ, మాంసం తక్కువ, వంటకి ఆలివ్ నూనె. కానీ ఆ మాట మన వంటింటి దాకా వచ్చేసరికి అందులో ఒక్క ఆలివ్ నూనె సీసా తప్ప ఏమీ మిగలడం లేదు. జనం డబ్బూ ఆశా రెండూ ఆ సీసా మీదే పెడుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆలివ్ నూనె కొంటే మెడిటరేనియన్ డైట్ మొదలైనట్టే. ఎంత వాడితే గుండెకి అంత మంచిది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే.

ఒక పెద్దాయన సంగతి చెప్తాను. రైతు, స్టెంట్ పడింది. కొడుకు అమెరికా నుంచి వస్తూ పెద్ద టిన్ను తెచ్చి ఇచ్చాడు. "ఆయ్, రోజూ పరగడుపున రెండు చెంచాలు తాగుతున్నానండి" అన్నారు. ఇడ్లీ మీదా అదే, పప్పులోనూ అదే. మిగతా ఏం తింటున్నారని అడిగాను. మధ్యాహ్నం అన్నం, మారు వడ్డన, ఒక వేపుడు, ఆవకాయ, గడ్డపెరుగు. రాత్రి మళ్ళీ అన్నం. కంచంలో ఏమీ మారలేదు, దాని పైన నూనె పెరిగింది. ఇంకా బాధ కలిగించిన మాట ఏంటంటే, "గుండె మనిషిని కదండి, చేపలు మానేశాను" అన్నారు. కొలెస్ట్రాల్ మాత్ర కూడా రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు, నూనె చూసుకుంటుందని. బరువు పెరిగింది, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వులు పెరిగాయి. పక్కనే ఆయన భార్య, ఇంత ఖరీదు పెట్టి చేసినా ఎందుకిలా అయిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. భయపడ్డ మనిషి ఎవరేం చెప్పినా చేస్తాడు. నూనె తాగితే రక్తనాళాల్లో కొవ్వు కరుగుతుందని వీడియోలు చేసేవాళ్ళ మీదే నా కోపమంతా.

లెక్క చూడండి. ఏ నూనె అయినా గ్రాముకి 9 కేలరీలు. ఒక టేబుల్ స్పూన్‌కి దాదాపు 120. ఆలివ్‌కి మినహాయింపు లేదు. ఉన్న తిండి మీద ఇంకో రెండు స్పూన్లు చేరిస్తే రోజుకి 240 కేలరీలు అదనం.

"మరి స్పెయిన్‌లో నాలుగు స్పూన్లు వాడించారంట కదా మేడమ్" అంటారు. నిజమే. ఆ పరిశోధన పేరు ప్రెడిమెడ్. 2013లో వచ్చింది. మనుషుల్ని గ్రూపులుగా విడదీయడంలో లోపాలు బయటపడితే వెనక్కి తీసుకుని, లెక్కలన్నీ మళ్ళీ చేసి 2018లో తిరిగి ప్రచురించారు. ఫలితం ఇంచుమించు అలాగే నిలబడింది, గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 30 శాతం తగ్గాయి. కానీ అక్కడి జనానికి ఆలివ్ ఇంటి వంటనూనె. వేరే కొవ్వుల స్థానంలో అది వాడారు, వాటి మీద అదనంగా పోసుకోలేదు. దానితో పాటు పప్పుధాన్యాలు, చేపలు, కూరగాయలు, పండ్లు తిన్నారు. వాళ్ళలో చాలామంది బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతూనే ఉన్నారు. అదే పరిశోధనలో ఇంకో గ్రూపుకి ఆలివ్ నూనె బదులు రోజుకి 30 గ్రాముల గింజలు ఇచ్చారు, వాల్‌నట్లు, బాదం, హేజల్‌నట్లు. వాళ్ళకీ దాదాపు అంతే మేలు జరిగింది. ఈ రెండో సగం ఏ వీడియోలోనూ వినపడదు.

ఇంకా పాతది, ఫ్రాన్స్‌లోని లియోన్‌లో చేసినది ఉంది. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళ మీద చేశారు. వెన్న, మీగడ మానిపించి, వాటి బదులు ఒక రకం ఆవజాతి గింజల నూనెతో చేసిన మార్జరిన్ (వెన్నలా రాసుకునేది) ఇచ్చారు. కూరగాయలు పెంచమన్నారు, చేప పెంచమన్నారు, మాంసం తగ్గించమన్నారు, పండు లేని రోజు ఉండకూడదన్నారు. రెండోసారి గుండెపోట్లు బాగా తగ్గాయి. ఆ ఇళ్ళకి పంచింది ఆలివ్ నూనె కాదు.

కాబట్టి మేలు చేసేది కంచం మొత్తం. 1958లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం తిండికీ గుండెజబ్బుకీ సంబంధం మీద ఏడు దేశాల్లో అధ్యయనం మొదలుపెట్టినప్పుడు గ్రీస్‌లోని క్రీట్ ద్వీపంలో చూసిన రైతులు నూనె ధారాళంగానే వాడేవాళ్ళు. వాళ్ళు రోజంతా కొండవాలు పొలాల్లో కష్టం చేసేవాళ్ళు, ఆకుకూరలు, పప్పుధాన్యాలు, పండ్లు తినేవాళ్ళు, మాంసం ఎప్పుడో తప్ప ముట్టేవాళ్ళు కాదు. చెరువులు లీజుకిచ్చి ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ నూనె కొలత సరిపడదు.

మన దగ్గర మారాల్సింది అన్నం కొలత. డెల్టాలో పుట్టిన మనిషికి ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, మా ఇల్లూ ధాన్యం ఇల్లే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల కంచానికి ఇచ్చిన కొలతలు చూడండి. బియ్యం, గోధుమ లాంటివన్నీ కలిపి పచ్చివి 250 గ్రాములు. కూరగాయలు 400 గ్రాములు. పప్పులు, గుడ్డు, చేప, మాంసం కలిపి 85 గ్రాములు. గింజలు 35 గ్రాములు. నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, అంటే రెండు టేబుల్ స్పూన్లు. నా దగ్గరకి వచ్చే మగవాళ్ళలో చాలామందికి ధాన్యం మధ్యాహ్నం భోజనంలోనే అయిపోతుంది. కూరగాయలు పొద్దుట్నుంచి రాత్రి దాకా కలిపినా 400 రావు. పైగా కంద, చేమదుంప, బంగాళాదుంప కూడా కూరల లెక్కలో వేసేస్తారు. అవి అన్నం వైపు లెక్క.

ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళుంటే ఈ లెక్కన నెలకి నూనె మూడున్నర లీటర్లు. నెలకి ఎన్ని ప్యాకెట్లు కొంటున్నారని అడిగితే ఆరు, ఏడు అని చెప్పే ఇళ్ళు చాలానే ఉన్నాయి. ముందు ఆ సంఖ్య తగ్గించండి. తర్వాత అందులో ఏ నూనె ఉండాలో మాట్లాడుకుందాం. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్, అంటే కాయల్ని పిండి తీసి శుద్ధి చేయకుండా వదిలేసినది, మంచి నూనె, కాదనను. కొనగలిగితే ఉన్నదాని బదులుగా వాడండి. కొనలేకపోతే దిగులు పడొద్దు. వేరుశనగ నూనెలో కూడా సగానికి దగ్గరగా ఆలివ్‌లో ఉండే ఒలియిక్ ఆమ్లం అనే కొవ్వే. తవుడు నూనె కూడా బాగానే పనికొస్తుంది. అప్పు చేసి ఆలివ్ కొన్నవాళ్ళనీ చూశాను. ఆ డబ్బుతో వారానికి రెండుసార్లు చేప, రోజూ ఒక పండు, గుప్పెడు వేరుశనగ గుళ్ళు వస్తాయి. వరి కోశాక చేలో చల్లే పెసలు, మినుములు మన దగ్గరే పండుతున్నాయి. పొట్టుతో ఉన్న పెసలు, బొబ్బర్లు, శనగలు రోజుకొకటి ఉడకబెట్టి కంచంలోకి తెచ్చుకోండి.

మాత్రల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. తిండి మార్చామని మాత్ర ఆపకూడదు. ఆపాలా, తగ్గించాలా అన్నది రిపోర్టు చూసి డాక్టర్ చెప్పాలి.

అపోహ: సాల్మన్ చేపే తినాలి.

నరసాపురం, అంతర్వేది పక్కనే ఉంచుకుని ఫ్రీజర్‌లో పెట్టిన సాల్మన్ ముక్క కోసం వెతకడం ఎందుకో నాకు అర్థం కాదు. కానగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు, ఇవన్నీ గుండెకి మేలు చేసే ఒమేగా-3 కొవ్వు బాగా ఉన్న సముద్రపు చేపలు, ధరా తక్కువ. మధ్యధరా తీరంలోనూ బీదాబిక్కీ తిన్నది ఇలాంటి చిన్న చేపలే. చెరువు శీలావతి, బొచ్చెల్లో ఒమేగా-3 అంత ఉండదు గానీ ప్రొటీన్‌కి లోటు లేదు. పులస సంగతి వేరు, అది సంబరం కోసం కొనుక్కునే చేప. పులుసు పెట్టుకోండి, పెనం మీద కాల్చుకోండి. ముంచి వేయించితే మాత్రం చేప తిన్న ఫలం సగం పోతుంది. ఉప్పు చేపలు బీపీ ఉన్నవాళ్ళకి వద్దు.

అపోహ: ఆలివ్ నూనె వేడి చేస్తే విషం.

కాదు. తాలింపుకీ, మామూలు కూరకీ ఎక్స్‌ట్రా వర్జిన్ నిక్షేపంగా పనికొస్తుంది. సీసా మీద "ఎక్స్‌ట్రా లైట్" అని ఉంటే రుచీ రంగూ తేలిక అని, కేలరీలు తగ్గవు. "పోమస్" అంటే పిండగా మిగిలిన పిప్పి నుంచి ద్రావకంతో తీసి శుద్ధి చేసినది. దానికి ఎక్స్‌ట్రా వర్జిన్ ధర పెట్టకండి.

అపోహ: షవర్మా మెడిటరేనియన్ తిండే కదా, హెల్దీయే.

పుట్టుక అటువైపుదే. మన టౌన్లలో బండి మీద దొరికేది మైదా రొట్టె, మయోనైజ్. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్ ఎండలో గంటల తరబడి ఉంటే సాల్మొనెల్లా అనే కడుపు పాడుచేసే బాక్టీరియాకి అంతకంటే అనువైన చోటు ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది కూడా. పిల్లలు అడిగితే వేడివేడిగా కాల్చిన మాంసం, ఉల్లి, కీర పెట్టించి, మయోనైజ్ లేకుండా తీసుకోండి.

అపోహ: రెడ్ వైన్ గుండెకి మంచిది.

సురక్షితమైన మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది.  సీసాల్లో వచ్చే ఆలివ్ కాయలు, ఫెటా అనే గ్రీకు చీజ్ కూడా చూసుకుని తినండి, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ.

అపోహ: ఈ డైట్‌లో ఉంటే బయట తినకూడదు.

ఉద్యోగం చేసేవాళ్ళు బయట తినక తప్పదు, దానికి టెన్షన్ పడక్కర్లేదు. పొద్దున్న టిఫిన్‌లో పూరీ బదులు పెసరట్టు చెప్పండి, లోపల ఉప్మా వద్దని చెప్పండి. పొట్టు పెసలు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర. ఇంతకంటే మంచి టిఫిన్ ఏ సముద్రం ఒడ్డునా దొరకదు. నూనె తగ్గించి కాల్చమంటే చాలాచోట్ల కాలుస్తారు. మెస్‌లో ఫుల్ మీల్స్ అయితే ముందు ఆకుకూర పప్పు, కూర ఇంకోసారి అడిగి వేయించుకుని, అన్నం మారు వద్దనండి. వేపుడు, అప్పడం వదిలేయండి. కర్రీ పాయింట్ ప్యాకెట్ తెచ్చుకునేవాళ్ళు కూర గిన్నెలో పోసి రెండు నిమిషాలు వదిలితే నూనె పైకి తేలుతుంది, గరిటెతో తీసేయొచ్చు. బజ్జీలు, పునుగుల దగ్గర మూకుట్లో నూనె చూడండి. నల్లగా, చిక్కగా, నురగ కడుతూ ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్లు (పదేపదే కాగినప్పుడు నూనెలో పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. మనం చేయగలిగింది కంటితో చూడటమే.

అపోహ: ఆ వంటలు మనకి రావు.

రాజోలు వైపు నుంచి కువైట్ వెళ్ళి, ఇళ్ళలో వంట చేసి తిరిగొచ్చినవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతోమంది ఉన్నారు. హమ్మస్ అనే శనగల పచ్చడి నేను నేర్చుకున్నది అలాంటి ఒక అక్క దగ్గరే. వాళ్ళమ్మకి షుగర్ ఉంటే చూపించడానికి తీసుకొచ్చింది. నేను ఏదో చెప్పబోతుంటే, "అక్కడ రోజూ నేను చేసేదే కదండి, అమ్మకి చేసిపెట్టనా" అంది. కాబూలీ శనగలు రాత్రి నానబెట్టి, చిటికెడు వంటసోడా వేసి, వేలితో నొక్కితే పేస్టయ్యేంత మెత్తగా ఉడికించాలి. తెల్ల నువ్వులు రంగు మారకుండా దోరగా వేయించి మిక్సీలో ముద్ద చేసుకోవాలి. అందులో నిమ్మరసం పడగానే ముద్ద బిగుసుకుపోతుంది. చాలామంది అక్కడే పాడైపోయిందని పారేస్తారు. చల్లటి నీళ్ళు చెంచా చెంచా పోస్తూ తిప్పితే తెల్లగా మెత్తబడుతుంది. అప్పుడు శనగలు, ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు వేసి తిప్పితే అయిపోయింది. పైన ఒక్క చెంచా నూనె చాలు. కీర, క్యారెట్ ముక్కలతో తినండి, పెసరట్టుతో ఇంకా బాగుంటుంది.

వంకాయ నిప్పుల మీద కాల్చి పచ్చడి చేయడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. చింతపండు బదులు నిమ్మరసం, ఆ నువ్వుల ముద్ద రెండు చెంచాలు కలిపితే లెబనాన్‌లో రొట్టెతో తినే బాబా గనూష్ అవుతుంది. కానగంతలకి గాట్లు పెట్టి, వెల్లుల్లి, మిరియాలు, పసుపు, ఉప్పు పట్టించి, పెనం మీద రెండు చెంచాల నూనెలో టమాటా, ఉల్లి చక్రాల మీద పరిచి మూత పెట్టండి. పది పన్నెండు నిమిషాలు. దించాక నిమ్మకాయ పిండండి.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు మాత్రం అన్నం ఒక్కసారిగా సగానికి కోసేయకండి, షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ముందు డాక్టర్‌తో మాట్లాడి మందు మోతాదు సరిచేయించుకుని, వారం వారం కొంచెం కొంచెంగా అన్నం తగ్గించండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు పప్పులు, పండ్లు పెంచే ముందు పొటాషియం, క్రియాటినిన్ రిపోర్టులు తీసుకుని రండి.