అసలు వాడనే లేదండీ, ఎలా పాడైంది? ఎమర్జెన్సీ లైట్లపై అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరేసరికి విశాఖ గాజువాకలోని మా రిపేరు షాపులో రోజూ వినపడే మాట ఇది. సంచిలోంచి లైటు తీసి కౌంటరు మీద పెడతారు. అట్టపెట్టె నలగలేదు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. కొని రెండేళ్లయింది. మీటరు పెట్టి చూస్తే 6 వోల్టుల బ్యాటరీలో 2 వోల్టులు కూడా ఉండవు. కొందరు కంపెనీని తిడతారు, కొందరు చైనా సరుకంటారు. ఇంకొందరు పాపం అమ్మిన షాపువాడితో అప్పటికే గొడవపడి వస్తారు. "చూడండి, గీత కూడా పడలేదు" అని లైటు తిప్పి తిప్పి చూపిస్తారు. గీత పడకపోవడం వల్లే పోయిందండీ అంటే నమ్మరు.

కాబట్టి ముందు ఆ అపోహ సంగతే చూద్దాం. జనం జేబుకి ఎక్కువ చిల్లు పెట్టేది అదే.

అపోహ: వాడకుండా దాచిపెడితే బ్యాటరీ కొత్తదానిలాగే ఉంటుంది.

బ్యాటరీ పట్టుచీర కాదు, బీరువాలో మడిచిపెట్టి పెళ్లిళ్లకి తియ్యడానికి. లోపల రసాయన చర్య ఒకటి ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. మన ఇళ్లలోని పెద్ద లైట్లలో ఉండేది ఎక్కువగా సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. దాన్ని ముట్టుకోకపోయినా 25 డిగ్రీల దగ్గర నెలకి సుమారు 3 శాతం చార్జి దానంతటదే కారిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ కారడం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో రేకుల ఇంటి అటక మీద ఎంత వేడి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

చార్జి తగ్గడంతో ఆగితే ఇబ్బంది లేదు, మళ్లీ పెట్టుకుంటే సరిపోయేది. ఖాళీ అయిన లెడ్ బ్యాటరీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జింగ్ పెడితే కరిగిపోతుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే స్ఫటికాలు కట్టి గట్టిపడుతుంది, ఆ తర్వాత మామూలు చార్జింగుకి లొంగదు. దాన్నే మేం సల్ఫేషన్ అంటాం. అప్పుడు లైటుని రాత్రంతా ప్లగ్గులో ఉంచినా పావుగంటకి మించి వెలగదు.

మా షాపుకి వచ్చే డెడ్ బ్యాటరీల్లో చాలావాటికి అసలు కారణం ఇంకొకటి ఉంది. దీని గురించి ఎవరూ చెప్పరు. ఈ లైట్లలో చాలావాటికి ఆటో స్విచ్ ఉంటుంది. కరెంటు పోగానే దానంతటదే వెలగాలని ఆ ఏర్పాటు. మీరు పిన్ను పీకి, స్విచ్ ఆటోలోనే ఉంచి, లైటు పెట్టెలో పెట్టి బీరువా తలుపు వేశారనుకోండి. పిన్ను పీకినా, కరెంటు పోయినా లైటుకి ఒక్కటే. పాపం అది వెలుగుతుంది! బీరువాలో, చీరల మధ్య, రాత్రంతా వెలిగి ఆరిపోతుంది. చవక మోడళ్లలో బ్యాటరీ ఒక హద్దు దాటి పడిపోకుండా ఆపే కటాఫ్ కూడా ఉండదు. ఆఖరి చుక్క దాకా పిండేస్తుంది. అలా పూర్తిగా ఖాళీ అయి ఆరు నెలలు పడుకున్న బ్యాటరీ మళ్లీ లేవదు. అందుకే దాచేముందు స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ప్లగ్గు పీకాక లైటు వెలగలేదంటేనే ఆఫ్‌లో ఉన్నట్టు.

మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ సంగతి చెప్పాలి. ఒంటరిగా ఉంటారు. కొడుకు బెంగళూరు నుంచి మంచి లైటు కొని పంపాడు. "అబ్బాయి కొన్నది నాయనా, అరిగిపోతుందని కొవ్వొత్తే వెలిగించుకుంటున్నా" అన్నారు. ఆ మోకాళ్లతో, చీకట్లో, చేతిలో కొవ్వొత్తితో వంటింట్లోకి! నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు, 'జాగ్రత్తగా వాడుకో అమ్మా' అని మాత్రమే చెప్పి ఊరుకున్న ఆ అబ్బాయి మీద. బ్యాటరీ మార్చి ఒకటే మాట చెప్పాను. "మామ్మా, మీటరు రీడింగ్ తీసి బిల్లు ఇవ్వడానికి కుర్రాడు వచ్చిన రోజున దీన్ని ప్లగ్గులో పెట్టండి." నెలకోసారి అతను ఎలాగూ వస్తాడు. ఇప్పుడు ఆవిడే పక్కింటివాళ్లకి పాఠం చెబుతున్నారు.

మీకూ అదే చెబుతున్నా. నెలకోసారి ఒక పదిహేను, ఇరవై నిమిషాలు వెలిగించి చూడండి, తర్వాత ఫుల్‌గా చార్జింగ్ పెట్టండి. కోతలో వాడితే కరెంటు రాగానే, అదే రోజు పెట్టండి, "రేపు చూద్దాంలే" అనొద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. ఊళ్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ ఉన్నచోటల్లా ఫోన్ల చార్జింగుకి క్యూలు. తుపాను వస్తుందని ముందే తెలుసు. బియ్యం, పాలపొడి, కొవ్వొత్తులు అన్నీ తెచ్చుకున్నారు. అటక మీద లైటుని మాత్రం గాలి మొదలయ్యాక దింపారు. నెలకోసారి చార్జింగ్ చూసుకున్నవాళ్లకి ఆ మొదటి రాత్రి వెలుతురుంది. ఇప్పుడైనా వాతావరణ శాఖ హెచ్చరిక టీవీలో కనపడ్డ రోజే లైటుని ప్లగ్గులో పెట్టండి.

అపోహ: పూర్తిగా అయిపోయాకే చార్జింగ్ పెట్టాలి.

ఇది పాత నికెల్ క్యాడ్మియం సెల్స్ రోజుల నుంచి వచ్చిన మాట. వాటికి మెమరీ ఎఫెక్ట్ అనేది ఉండేది, అంటే పదేపదే సగంలోనే చార్జింగ్ పెడితే ఆ సగం వరకే పనిచెయ్యడానికి అలవాటు పడేవి. ఆ సెల్స్ ఇళ్లలోంచి దాదాపు పోయాయి, మాట మాత్రం మిగిలింది. లెడ్ బ్యాటరీకైనా, లిథియంకైనా పూర్తిగా ఖాళీ చెయ్యడం చేటు. మామూలు సీల్డ్ లెడ్ బ్యాటరీని ప్రతిసారీ అడుగంటా వాడితే సుమారు 200 సార్లకి అలిసిపోతుంది. మూడోవంతు లోపు వాడి చార్జింగ్ పెడుతూ ఉంటే వెయ్యి సార్లు దాటి కూడా వస్తుంది. వెలుతురు మందగించిందంటే ఇంకా లాగకండి, ఆపేయండి.

అపోహ: ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండాలి. లేదా, ప్లగ్గులో వదిలేస్తే పేలిపోతుంది.

రెండు వర్గాలూ నా దగ్గరకి వస్తారు, ఒక్కోసారి ఒకే ఇంట్లోంచి. మొగుడిది ఒక మాట, పెళ్లానిది ఒక మాట. జవాబు సర్క్యూట్‌ని బట్టి ఉంటుంది. మంచి లైటులో 6 వోల్టుల బ్యాటరీ నిండాక చార్జర్ దాన్ని 6.75 నుంచి 6.9 వోల్టుల మధ్య పట్టి ఉంచుతుంది. దాన్ని వదిలేసినా ఫర్వాలేదు. చవక లైటులో ఒక కెపాసిటర్, నాలుగు డయోడ్లు, అంతే. బ్యాటరీ నిండినా కరెంటు తోస్తూనే ఉంటుంది. లోపలి నీరు వాయువులుగా విడిపోయి, బ్యాటరీ ఎండి, పక్కలు ఉబ్బుతాయి. మీది ఏ రకమో తెలియకపోతే ఒక రోజంతా చార్జింగులో ఉంచి, బ్యాటరీ ఉండే వైపు చెయ్యి పెట్టి చూడండి. వేడి బాగా తెలిస్తే పీకేయండి, ఇకపై కవరు మీద రాసిన గంటలే పెట్టండి. ఎర్ర లైటు, పచ్చ లైటు నమ్ముకోవద్దు. చవకవాటిలో ఆ బుడ్డి లైటు ప్లగ్గులో కరెంటు ఉందని చెబుతుంది, బ్యాటరీ నిండిందని కాదు.

పేలుడు గురించి రాత్రిళ్లు నిద్రపట్టక ఫోన్ చేసేవాళ్లున్నారు, పసిపిల్లలున్న ఇళ్ల నుంచి ముఖ్యంగా. మీ భయం నాకు అర్థమవుతుంది. ఉబ్బని, కారని లెడ్ బ్యాటరీ లైటుని గాలి ఆడే చోట, గట్టు మీద పెట్టి చార్జ్ చేస్తే కంగారు పడాల్సింది లేదు. పరుపు మీద, కర్టెన్ పక్కన, మూసిన బీరువాలో మాత్రం వద్దు. భయపడాల్సింది వేరేది ఉంది. ఆ చవక సర్క్యూట్లలో బ్యాటరీ తీగలకీ గోడలోని 230 వోల్టులకీ మధ్య అడ్డేమీ ఉండదు. ప్లగ్గులో ఉండగా మూత విప్పి బ్యాటరీని ముట్టుకుంటే షాక్ కొడుతుంది. 6 వోల్టులేగా అనుకుని వేలు పెట్టినవాళ్లని చూశాను.

లిథియం లైట్లు, ఇన్వర్టర్ బల్బులు

కొత్తగా వచ్చే చిన్న లైట్లు ఎక్కువగా లిథియమే. వీటిని సగం చార్జి మీద దాచి, మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు. సెల్ ఉబ్బితే గుచ్చొద్దు, నొక్కొద్దు, చార్జింగ్ అసలే పెట్టొద్దు. ఆన్‌లైన్‌లో 9800 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) అని రాసి అమ్మే 18650 అనే సైజు లిథియం సెల్స్ కొని తెచ్చి బిగించమంటారు. ఆ సైజు సెల్‌లో మంచి కంపెనీలది కూడా 3500 చుట్టూ ఉంటుంది. మిగతాదంతా స్టిక్కరు.

ఇన్వర్టర్ బల్బు అంటే లోపల సెల్ ఉండి కరెంటు పోయినా వెలిగే బల్బు. అది చేత్తో పట్టుకుంటే వెలుగుతుందని, దాంతో షాక్ కొడుతుందని ఒక వీడియో తిరుగుతోంది. వెలగడం నిజమే. మన ఒంటి గుండా నడిచే అతి చిన్న కరెంటుని పసిగట్టి లోపలి సెల్‌తో వెలుగుతుంది, షాక్ ఏమీ ఉండదు. అసలు తిప్పలు వేరే. స్విచ్ ఆఫ్ చేసి ఉంచితే అది చార్జ్ కాదు, కరెంటు పోయినప్పుడు వెలగదు కూడా. ఇంకొందరు మెయిన్ ఆఫ్ చేసి టెస్ట్ చేస్తారు, బల్బు వెలగదు, తిరిగి తెస్తారు. ఈ బల్బుల్లో చాలావరకు లైనులో ఇతర సామాన్ల గుండా దారి ఉందా అని చూసి కరెంటు పోయిందని తెలుసుకుంటాయి. మెయిన్ తీసేసి, ఇంట్లో మిగతావన్నీ ఆఫ్‌లో ఉంటే ఆ దారే లేదు. ఒక ఫ్యాను స్విచ్ వేసి మళ్లీ చూడండి. మూసేసిన గాజు డూమ్‌లో మాత్రం బిగించకండి, వేడికి లోపలి సెల్ త్వరగా పోతుంది.

మిగతావి గబగబా

ఫ్రిజ్‌లో పెడితే పోయిన బ్యాటరీ మళ్లీ బతుకుతుందా? లేదు. ఎండలో పెడితే? ఇంకా త్వరగా పోతుంది. సీల్డ్ బ్యాటరీ మూత పీకి నీళ్లు పోస్తే? డిస్టిల్డ్ వాటర్‌తో కొన్నాళ్లు లాక్కురావచ్చు, కుళాయి నీళ్లు, యాసిడ్ పోశారా అయిపోయినట్టే. దానికయ్యే శ్రమకి కొత్తది వేసుకోవడం మేలు. పెద్ద ఏహెచ్ బ్యాటరీ, అంటే ఎక్కువ చార్జి పట్టేది, వేస్తే ఎక్కువసేపు వస్తుందా? వస్తుంది, కానీ లోపలున్న చిన్న చార్జర్ దాన్ని నింపడానికి రోజున్నర తీసుకుంటుంది, సగమే నిండి సల్ఫేషన్ పడుతుంది. ఉన్నదే వేసుకోండి, ఎరుపు నలుపు తీగలు తారుమారు చెయ్యకండి.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు షాపువాణ్ణి మీటరు పెట్టమనండి. 6 వోల్టులది కనీసం 6.2 పైన చూపించాలి, ఫుల్‌గా ఉంటే 6.4 దగ్గర ఉంటుంది. 6 కంటే తక్కువ చూపిస్తే అది కూడా గోడౌన్‌లో మీ లైటులాగే పడుకున్నది, వెనక్కి ఇచ్చేయండి. పాతదాన్ని చెత్తబుట్టలో వెయ్యకండి, అందులో సీసం, యాసిడ్ ఉన్నాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని రీసైక్లింగుకే పంపాలి. ఎలాగూ సీసానికి ధర ఉంది కాబట్టి బ్యాటరీ షాపులో బరువు చూసి కొత్తదాని ధరలో ఎంతో కొంత తగ్గిస్తారు. అడగకపోతే మాత్రం తగ్గించరు.