లైట్ లినక్స్ వేస్తే ఒక్క కోరే పనిచేస్తుందా? అపోహలు - వాస్తవాలు

పాత కంప్యూటర్లకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇవ్వడం నా పని. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా కోర్ 2 డ్యూయో డెస్క్‌టాప్‌లు, 2 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లు. వాటిలో పప్పీ, యాంటీఎక్స్, లుబుంటు లాంటి తేలిక డిస్ట్రోలు, అంటే లినక్స్ రకాలు, వేస్తుంటాను. కోర్‌ల గురించి, అంటే ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల గురించి, అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నలన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

అపోహ: చిన్న డిస్ట్రో కదా, అన్ని కోర్‌లనూ వాడుకోలేదు.

వాస్తవం: కోర్‌లకు పని పంచేది లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్. డెస్క్‌టాప్‌కు ఆ పనితో సంబంధం లేదు. ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లను నడపడం లినక్స్ కెర్నల్‌కు 1996లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచే తెలుసు. అంటే మన టేబుళ్ల మీదికి డ్యూయల్ కోర్ రావడానికి దాదాపు పదేళ్ల ముందే. డిస్ట్రోను తేలిక చేసేవాళ్లు డెస్క్‌టాప్ హంగులు, వెనకాల నడిచే సర్వీసులు, ముందే వేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ తగ్గిస్తారు. కోర్‌లను పంచే భాగం జోలికి వెళ్లరు. టైనీ కోర్ మొత్తం కలిపి పాతిక ఎంబీకి అటూ ఇటూగా ఉంటుంది, అయినా అన్ని కోర్‌లనూ వాడుతుంది. పేరు చూసి ఒక్క కోరే అనుకోకండి మరి!

ఈ అపోహ ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు నిజంగానే ఒక్క ప్రాసెసర్‌కు ఒక కెర్నల్, ఎక్కువ ఉంటే ఎస్ఎంపీ అనే వేరే కెర్నల్ ఇచ్చేవారు. స్లాక్‌వేర్ అనే డిస్ట్రో 32 బిట్ వెర్షన్‌లో 'హ్యూజ్', 'హ్యూజ్‌ఎస్ఎంపీ' అని రెండూ ఉండేవి. తప్పుది ఎంచుకుంటే రెండో కోర్ ఖాళీగా కూర్చునేది. తర్వాత, బూట్ అయ్యేటప్పుడే ఎన్ని కోర్‌లున్నాయో చూసుకుని, ఒక్కటే ఉంటే అక్కర్లేని లాకింగ్‌ను (కోర్‌లు ఒకదాని పనికి ఒకటి అడ్డుపడకుండా పెట్టే తాళాలను) కెర్నల్ తనంతట తానే తీసేసుకునే ఏర్పాటు వచ్చింది. దాంతో రెండేసి కెర్నల్‌లు ఇవ్వాల్సిన పని చాలా డిస్ట్రోలకు తప్పింది.

అపోహ: 32 బిట్ వేస్తే ఒక్క కోరే.

వాస్తవం: రెంటికీ సంబంధం లేదు. 32 బిట్‌కు ఇబ్బంది ర్యామ్ దగ్గర వస్తుంది. 4 జీబీ దాటి వాడుకోవాలంటే పీఏఈ అనే ఏర్పాటున్న కెర్నల్ కావాలి. పైగా డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు, ఫైర్‌ఫాక్స్ కూడా 145వ వెర్షన్ నుంచి 32 బిట్ లినక్స్‌కు ఆగిపోయింది. కోర్ 2 డ్యూయోలన్నీ 64 బిట్ ప్రాసెసర్లే కాబట్టి 64 బిట్ వేసేయండి.

అపోహ: ఒక్క కోరే చూపిస్తోంది, అంటే ఈ డిస్ట్రోకు సపోర్ట్ లేదు.

వాస్తవం: ఇక్కడ నేనే బోల్తాపడ్డాను. ఒక జిరాక్స్ షాపు కంప్యూటర్‌కు లినక్స్ వేస్తుంటే బూట్‌లోనే స్క్రీన్ నల్లబడిపోయింది. ఎక్కడో చూసిన గుర్తుతో బూట్ లైన్‌లో (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే ఆదేశాల వరుసలో) 'ఏసీపీఐ=ఆఫ్' చేర్చాను. బూట్ అయింది, ఇచ్చేశాను. వారం తర్వాత ఫోన్: "అన్నా, అమ్మినాయన రెండు కోర్‌లన్నాడు, ఇందులో ఒకటే కనిపిస్తోంది." ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను డిస్ట్రోను తిట్టుకుని ఇంకోటి వేశాను. అలవాటు కొద్దీ దానికీ అదే మాట చేర్చాను. మళ్లీ ఒకటే కోర్!

మెషీన్‌లో ఏయే ప్రాసెసర్లు ఉన్నాయో కెర్నల్‌కు తెలిసేది ప్రధానంగా బయోస్ ఇచ్చే ఏసీపీఐ పట్టికల నుంచే. ఆ దారి మూసేస్తే, తాను ఏ కోర్ మీద లేచిందో అదొక్కటే దానికి తెలుస్తుంది. బాగా పాత బోర్డుల్లో వేరే పట్టిక ఉండి బయటపడొచ్చు, అన్నిటిలో ఉండదు. అసలు తగాదా గ్రాఫిక్స్‌ది. బూట్ లైన్‌లో దాని బదులు 'నోమోడ్‌సెట్' పెడితే సరిపోయేది.

కాబట్టి ముందు టెర్మినల్‌లో 'ఎన్‌ప్రాక్' (nproc) కొట్టి ఎన్ని వస్తున్నాయో చూడండి. తక్కువ వస్తే బూట్ లైన్ చూడండి. 'నోఎస్ఎంపీ', 'మ్యాక్స్‌సీపీయూస్=1', 'నోలాపిక్' ఉన్నా ఇదే కథ. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ప్రయత్నిస్తున్నవాళ్లు ముందు దాని సెట్టింగ్స్ చూడాలి, మామూలుగా అది ఒక్క ప్రాసెసరే ఇస్తుంది. కొన్ని మెషీన్లలో కోర్‌లను ఆపే ఆప్షన్ బయోస్‌లో కూడా ఉంటుంది.

దీనికి రివర్స్ కేసు కూడా ఉంది. ఆటమ్ ఎన్270 నెట్‌బుక్‌లో రెండు కనిపిస్తాయి, కానీ ఉన్నది ఒక్క కోరే. రెండోది, ఒక్క కోర్‌నే రెండుగా చూపించే హైపర్‌థ్రెడింగ్ చలవ. 'ఎల్ఎస్‌సీపీయూ' (lscpu) కొడితే కోర్‌లు ఎన్నో, థ్రెడ్‌లు ఎన్నో విడివిడిగా చెబుతుంది.

అపోహ: కోర్‌లన్నీ పనిచేస్తే స్పీడ్ రెట్టింపు కావాలి.

వాస్తవం: పనిని ముక్కలు చేసుకోవడం ప్రోగ్రామ్‌కు కూడా రావాలి. ఫైళ్లను కుదించే జీజిప్ ఒక్క కోర్‌తోనే కుదిస్తుంది. అదే పని పిగ్జ్ అనే ప్రోగ్రామ్‌తో చేస్తే అన్ని కోర్‌లూ కదులుతాయి. టెర్మినల్‌లో టాప్ (top) తెరిచి 1 నొక్కితే ఒక్కో కోర్ ఏం చేస్తోందో విడిగా కనిపిస్తుంది. అక్కడ 'డబ్ల్యూఏ' అంకె పెద్దగా ఉంటే ప్రాసెసర్ హార్డ్ డిస్క్ కోసం ఎదురుచూస్తోందని అర్థం. అక్కడే ఉండే లోడ్ యావరేజ్ (ఎన్ని పనులు వరసలో ఉన్నాయో చెప్పే అంకె) చూసి టెన్షన్ పడొద్దు. లినక్స్ అందులో డిస్క్ కోసం ఆగి ఉన్నవాటినీ కలుపుతుంది. పాత మెషీన్లలో నాకు ఎక్కువసార్లు దొరికే దొంగ హార్డ్ డిస్కే, ఆ తర్వాత ర్యామ్.

డిస్ట్రో తయారుచేసినవాళ్ల నిర్ణయం తేడా తెచ్చే చోటు ఒకటుంది. పప్పీ లాంటివి సిస్టమ్ మొత్తాన్ని స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే పద్ధతిలో కుదించిన ఒక ఫైల్‌గా ఉంచి, కావలసినప్పుడు విప్పుకుంటాయి. ఒకేసారి పలు కోర్‌ల మీద విప్పే వీలు 2014లో వచ్చిన 3.13 కెర్నల్‌తో మొదలైంది. అయితే కెర్నల్ కట్టేటప్పుడు ఆ ఆప్షన్ ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే ఎన్ని కోర్‌లున్నా విప్పే పని మాత్రం క్యూలోనే సాగుతుంది.

అపోహ: కంపైల్ చేసేటప్పుడు (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడు) మేక్ అనే టూల్‌కు ఎన్ని జాబ్‌లు, అంటే ఒకేసారి చేసే పనులు, ఇస్తే అంత వేగం.

వాస్తవం: ర్యామ్ ఉన్నంతవరకే. నాలుగు కోర్‌లు, 2 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్ట్‌కు నాలుగు జాబ్‌లు ఇస్తే స్వాప్‌లో (ర్యామ్ చాలక హార్డ్ డిస్క్‌ను వాడుకోవడంలో) పడి మౌస్ కూడా కదలకపోవచ్చు. అలాంటి చోట నేను రెండే ఇస్తాను.