అలలు లేనిచోట దిగుదామనుకుంటున్నారా? సర్ఫింగ్ కొత్తవాళ్ళ అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి సర్ఫింగ్ కోసం ఫోన్ చేసేవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు. "అన్నా, మేం కొత్తోళ్ళం, అలలు లేనిచోట దింపుతావా?" తొమ్మిదేళ్ళుగా ఇదే ప్రశ్న వింటున్నాను. భయంతో అడుగుతారని తెలుసు కాబట్టి విసుక్కోను. కానీ అలలు లేనిచోట ప్రమాదం ఉండదన్న ఈ అపోహ వల్ల సముద్రంలో చాలా ప్రాణాలు పోతాయి, అందుకే దాన్నే ముందు చెప్తాను.

నేను నేర్పేది చెన్నై దగ్గర కోవలంలో. కేరళ కోవళం కాదు, చెన్నై నుంచి మహాబలిపురం పోయే దారిలో ఉన్నది. అడుగున ఇసుక, చాలా దూరం వరకు నడుములోతు నీళ్ళు, పైనుంచి మెల్లగా నురగగా జారి విరిగే అలలు ఉంటే కొత్తవాళ్ళకు మంచి బీచ్ అంటాం. అలలు ఉండాలి, కాకపోతే నెమ్మదిగా విరిగేవి కావాలి. ఒడ్డు ఏటవాలుగా ఉన్నచోట అల చిన్నదైనా ఒక్కసారిగా మడతపడి మనిషిని ఇసుకకేసి కొడుతుంది, మెడ విరిగే ప్రమాదం అక్కడే.

ఇక అసలు సంగతి. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, కాస్త నల్లగా, చెరువులా కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన కుటుంబం పిల్లల్ని తీసుకుని తిన్నగా అక్కడికే పోతుంది. అదే రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తోసిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోవాలి కదా, ఇసుక తిన్నెల మధ్య లోతైన సందు ఎక్కడుంటే అక్కడినుంచి పోతాయి. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు, విరగదు కాబట్టి మనకు ప్రశాంతంగా కనిపిస్తుంది.

నేను పుట్టింది నెల్లూరు దగ్గర మైపాడు పక్కన ఒక పట్టపుపాలెంలో, అంటే చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో. మా నాన్న తెప్పను ఎప్పుడూ ఆ నున్నటి పాయలోనుంచే దించేవాడు, ఎందుకంటే అలల దెబ్బ తగలదు, పైగా నీళ్ళే తెప్పను లోపలికి లాక్కుపోతాయి, తెడ్డు పని సగం తగ్గుతుంది. అదే నాన్న నేను అక్కడ స్నానానికి దిగితే చెవి పట్టుకుని బయటికి లాగేవాడు. "తెప్ప దిగే తావులో మనిషి దిగకూడదురా" అనేవాడు. రిప్ అన్న మాట మా పాలెంలో ఎవరికీ తెలియదు. విషయం మాత్రం పసిపిల్లలకు కూడా తెలుసు. సర్ఫింగ్ నేర్చుకున్నాక నేనూ బోర్డు మీద లోపలికి పోవడానికి ఆ పాయనే వాడుతున్నాను, నాన్న తెప్పతో చేసిందే.

రెండేళ్ళ కిందట ఒంగోలు నుంచి నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్ళు వచ్చారు. క్లాసు బాగా అయింది, బోర్డులు ఇచ్చేశారు, టిఫిన్ చేసి మళ్ళీ స్నానానికి వెళ్ళారట, మాకు చెప్పలేదు. అరుపులు విని చూస్తే ఒకడు ఒడ్డుకు బాగా దూరంగా ఉన్నాడు. సాగర్ కాలవలో ఈత నేర్చిన పిల్లాడు, మంచి ఈతగాడే, చేతులు ఆడిస్తూనే ఉన్నాడు గానీ ఒక్క అడుగు ముందుకు రావడం లేదు, ఎందుకంటే ఒడ్డుకేసి తిన్నగా ఈదుతున్నాడు. నేను బోర్డు వేసుకుని చేరేసరికి వాడికి మాట కూడా రావడం లేదు. ఒడ్డున కూర్చోబెట్టాక ఉప్పునీళ్ళు కక్కుకుని, వణుకుతూ వాడన్న మొదటి మాట, "అక్కడ అలలే లేవు కదన్నా, అందుకే పోయాం." ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

గట్టి రిప్ సెకనుకు రెండు మీటర్ల వేగం కూడా అందుకోగలదు. ప్రపంచ స్థాయి ఈతగాడు తన పూర్తి బలంతో ఈదే వేగం దాదాపు అంతే. కాబట్టి ఎదురీదొద్దు. రిప్ మనిషిని కిందికి లాగదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, లోపలికి మాత్రమే తీసుకెళ్తుంది, అలలు విరిగే వరస దాటాక దాని బలం తగ్గిపోతుంది. మునిగేది అలసిపోయి, భయంతో ఊపిరి తప్పడం వల్ల. వెల్లకిలా తేలండి, చెయ్యి ఎత్తి ఊపండి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి, తెల్లటి నురగ ఉన్నవైపు వచ్చాక ఆ అలలే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. బోర్డు ఉంటే దాన్ని వదిలేసి ఈదాలన్న ఆలోచనే వద్దు, దాని మీద పడుకుని చెయ్యి ఊపండి, అది మునగదు.

దిగేముందు పది నిమిషాలు కాస్త ఎత్తుగా ఉన్న ఇసుక మీద నిలబడి చూడండి. నురగ ఎటు పోతోంది, ఎక్కడ నీళ్ళు బురద రంగులో లోపలికి పారుతున్నాయి, ఎక్కడ అల విరగడం లేదు. ఏటి మొగలు, రాళ్ళ కట్టలు, జెట్టీల పక్కన ఇది ఎక్కువ. లైఫ్‌గార్డులు ఎర్ర-పసుపు జెండాలు పాతితే ఆ రెండింటి మధ్యే దిగండి.

మన దగ్గర మైపాడుకు, కొత్తపట్నానికి కార్తీక పౌర్ణమి స్నానానికి జనం వస్తారు కదా, నాకు ఏటా ఆ రోజు గుండెల్లో గుబులుగానే ఉంటుంది. అది ఈశాన్య రుతుపవనాల కాలం, సముద్రం అప్పటికే రేగి ఉంటుంది, పైగా పౌర్ణమికి పోటూ ఆటూ రెండూ ఎక్కువ. స్నానం చేయొద్దని చెప్పను, మా అమ్మ కూడా చేస్తుంది. మోకాలు దాటకుండా, చెంబుతో పోసుకోండి, తెప్పలు దించే తావుకు దూరంగా.

ఇంకొకటి. ఒకరు కొట్టుకుపోతుంటే కాపాడదామని వెనకే దూకినవాళ్ళు కూడా పోయిన ఇళ్ళు మా తీరంలో ఉన్నాయి. తేలేది ఏదైనా విసరండి, ఖాళీ వాటర్ క్యాన్, మూత బిగించిన డబ్బా, తాడు. 112కి ఫోన్ చేయండి. బయటికి తీసినవాళ్ళ పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీసి తిప్పడం ఇప్పటికీ చూస్తున్నాను, దయచేసి మానండి. దానివల్ల పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలూ పోతాయి. ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి ఇవ్వాలి, తర్వాత ఛాతీ నొక్కాలి, ముప్పై నొక్కులకు రెండు ఊపిర్లు. ఇది చదివి వదిలేయకుండా ఎక్కడైనా ఒక పూట నేర్చుకోండి.

మిగతావి త్వరగా చెప్తాను. ఈత రాకపోతే నేర్పరా అంటారు. మొదటి క్లాసు నడుములోతులోనే, బోర్డు మేమే పట్టుకుంటాం, కానీ ఈత రాదన్న నిజం ముందే చెప్పండి, సిగ్గుపడి వచ్చని చెప్పేవాళ్ళతోనే మాకు టెన్షన్. చిన్న బోర్డు తేలికని కొందరి నమ్మకం, అది తప్పు, కొత్తవాళ్ళకు ఎనిమిది తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డే నిలకడగా ఉంటుంది, తగిలినా దెబ్బ తక్కువ. బోర్డును మీకూ అలకూ మధ్య ఎప్పుడూ పెట్టుకోకండి, పడితే తలకు చేతులు అడ్డం పెట్టుకోండి, తలకిందులుగా దూకకండి. వయసు, లావు అడ్డం కాదు, యాభై దాటినవాళ్ళు కూడా నా దగ్గర నిలబడ్డారు. సొరచేపల గురించి అడిగేవాళ్ళకు ఒకటే జవాబు, మా నాన్న నలభై ఏళ్ళు ఈ సముద్రంలో వేటాడాడు, ఒడ్డున స్నానం చేసేవాళ్ళను సొర పట్టిందని ఒక్కసారి కూడా ఆయన నోట వినలేదు. జీన్స్, చీర, చున్నీతో మాత్రం దిగొద్దు, తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటాయి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మంచి టైం, ఎండెక్కాక సముద్రపు గాలి లేచి అలలు చిందరవందర అవుతాయి.

శ్రీలంక పోయేవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. వెలిగామ కొత్తవాళ్ళకు చాలా మంచిది, ఇసుక అడుగున్న అఖాతం, కానీ అది దక్షిణ తీరం, నవంబరు నుంచి ఏప్రిల్ వరకే బాగుంటుంది. వేసవి సెలవులు కదా అని మే, జూన్‌లో టికెట్లు కొనేసి అప్పుడు నాకు ఫోన్ చేస్తారు. ఆ నెలల్లో తూర్పు తీరాన ఉన్న అరుగమ్ బే వైపు వెళ్ళాలి.

పోయిన జనవరిలో కావలి నుంచి ఒక అమ్మాయి వాళ్ళమ్మతో వచ్చింది. ఆ తల్లి ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని, ఒక్క క్షణం చూపు తిప్పకుండా ఒడ్డున కూర్చుంది. "బాబూ, మా అన్న కొడుకు ఇట్టాగే స్నానానికి పోయి రాలేదు, ఈ పిల్ల మాట వినదు" అంది. ధైర్యం చెప్పి ఊరుకోవడం నాకు సరిగా అనిపించలేదు. పక్కనే కూర్చుని ఆ నున్నటి పాయ చూపించాను, నురగ లోపలికి పోవడం చూపించాను, ఇసుక మీద వేలితో గీసి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే మావోడు అలలు లేవనే దిగుంటాడు" అంది. నేను తల ఊపాను.

మర్నాడు మేం బోర్డులు దించకముందే ఆమె వచ్చి నీళ్ళకేసి చెయ్యి చాపింది. "బాబూ, ఆ నల్లటి దారి ఈరోజు ఇటు జరిగింది చూడు." నిజమే, నిన్నటికంటే ముప్పై నలభై అడుగులు దక్షిణానికి జరిగింది. ఆ రోజు క్లాసు దానికి బాగా ఎడంగా, ఉత్తరం వైపు పెట్టుకున్నాం.