వాన చూసి తిరిగే వైపర్లు, వెలుగు చూసి మసకబడే మిర్రర్: అపోహలు - వాస్తవాలు

మృగశిర కార్తె దగ్గరపడిందంటే విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేసే మాకు రెండు కోరికలు జంటగా వినిపిస్తాయి. చినుకు పడగానే వైపర్లు వాటంతటవే తిరగాలి. వెనక లారీ హైబీమ్ వేస్తే లోపలి మిర్రర్ దానంతటదే మసకబడాలి. పై వేరియంట్లలో కంపెనీ నుంచే వచ్చే ఈ సౌకర్యాలను కింది వేరియంట్ కారులో విడిగా అమర్చుకోవచ్చు. సరిగ్గా అమర్చితే ఏళ్ల తరబడి పనిచేస్తాయి కూడా. అయితే వీటి గురించి జనం నమ్మి వచ్చే మాటల్లో కొన్ని డబ్బు దండగ చేస్తాయి, ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

ఒక్క విషయం మొదట పట్టుకుంటే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి. ఈ రెండూ వెలుతురును కొలిచే పరికరాలు. ఎంత ఖరీదు పెట్టి కొన్నా, వాటి కంటికి ఎదురుగా ఏముందన్న దాన్ని బట్టే పనిచేస్తాయి.

అపోహ: చినుకు గ్లాసుకు తగిలిన దెబ్బను సెన్సర్ పసిగడుతుంది. లేదా లోపల కెమెరా ఉండి వానను చూస్తుంది.

వాస్తవం: కెమెరాతో వానను గుర్తించే కార్లు కొన్ని ఉన్నాయి. మనం విడిగా బిగించేది మాత్రం అది కాదు. మిర్రర్ వెనక గ్లాసుకు అంటుకుని ఉండే చిన్న డబ్బా అది. అందులోని ఎల్‌ఈడీలు కంటికి కనిపించని పరారుణ కాంతిని సుమారు 45 డిగ్రీల కోణంలో గ్లాసులోకి పంపుతాయి. పదో తరగతిలో చదివిన సంపూర్ణాంతర పరావర్తనం ఇక్కడ పనికొస్తుంది. గ్లాసు నుంచి గాలిలోకి పోవడానికి సందిగ్ధ కోణం దాదాపు 41 డిగ్రీలు. కాబట్టి గ్లాసు పొడిగా ఉంటే 45 డిగ్రీల్లో వెళ్లిన కాంతి బయటికి పోలేక మొత్తం వెనక్కి తిరిగి సెన్సర్‌కు చేరుతుంది. గ్లాసు మీద నీరుంటే ఆ సందిగ్ధ కోణం దాదాపు 61 డిగ్రీలకు పెరుగుతుంది. అప్పుడు చినుకు ఉన్న ప్రతి చోటా కాంతి నీటిలోకి జారిపోతుంది. తిరిగొచ్చే కాంతి ఎంత తగ్గితే వాన అంత ఎక్కువని లెక్క. సొంత వెలుతురుతో పనిచేస్తుంది కాబట్టి చిమ్మచీకట్లోనూ దీనికి ఇబ్బంది లేదు.

పొడి దుమ్ముకు ఇది అంతగా స్పందించకపోవడానికీ కారణం ఇదే. దుమ్ము రేణువుకూ గ్లాసుకూ మధ్య గాలి పొర మిగిలే ఉంటుంది. రాత్రిపూట పొలాల పక్కగా వెళ్తున్నప్పుడు పురుగు వచ్చి చితికితే మాత్రం ఆ తడి గ్లాసుకు గట్టిగా అంటుకుంటుంది. వాన లేకుండానే వైపర్ ఒకసారి ఊగడం అందువల్లే. అది సెన్సర్ లోపం కాదు.

అపోహ: రెండు వైపులా అంటుకునే టేపు ఉంటే చాలు, సెన్సర్‌ను గ్లాసు మీద ఎక్కడైనా అతికించవచ్చు.

వాస్తవం: నా దగ్గరికి "సెన్సర్ చెడిపోయింది" అంటూ వచ్చే కార్లలో ఎక్కువ భాగం ఈ తప్పువే. సెన్సర్‌కూ గ్లాసుకూ మధ్య పారదర్శకమైన సిలికాన్ జెల్ ప్యాడ్ ఉండాలి. గాలి పొర ఏమాత్రం మిగలకుండా అది రెండింటినీ కలపాలి. ఒక్క బుడగ చిక్కుకున్నా ఆ చోట కాంతి దారి తప్పుతుంది. సెన్సర్‌కు అది ఎప్పటికీ ఆరని చినుకులా కనిపిస్తుంది, లేదా అసలు చినుకునే చూడనివ్వదు. బిగించాక కారు బయట నిలబడి టార్చి వేసి చూడండి. గ్లాసు వెనక ప్యాడ్ అంతా ఒకే రకంగా నల్లగా, తడిసినట్టు కనిపించాలి. ఎక్కడైనా వెండి చుక్కలా మెరిస్తే అది బుడగే. తీసి, గ్లాసును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కొత్త ప్యాడ్‌తో మళ్లీ అతికించాలి. పాత ప్యాడ్‌ను ఊదో, కడిగో వాడుకోవచ్చని చెప్పేవారిని నమ్మకండి. దుమ్ము పట్టిన జెల్ ఇక అంటుకోదు.

స్థలం కూడా అంతే ముఖ్యం. వైపర్ బ్లేడు తుడిచే భాగంలోనే సెన్సర్ ఉండాలి. లేకపోతే దాని ముందున్న నీరు పోదు, వైపర్లు ఆగవు. సరిగ్గా ఆ చోటే మన కార్లలో ఫాస్టాగ్ అతికించి ఉంటుంది. సెన్సర్ పెట్టే ముందు దాన్ని పక్కకు మార్పించుకోవాలి. మిర్రర్ వెనక భాగం డ్యాష్‌క్యామ్‌తోనూ ఎండ ఆపే స్టిక్కర్‌తోనూ నిండిపోయిన కార్లు రోజూ చూస్తున్నాను. ముందు ఆ స్థలం ఖాళీ చేయండి, తర్వాత సెన్సర్ సంగతి మాట్లాడుకుందాం.

ముందు గ్లాసు పగిలి కొత్తది వేయించినప్పుడు కూడా ఇదే సమస్య వస్తుంది. గ్లాసు మార్చినవారు పాత ప్యాడ్‌నే అదిమి వదిలేస్తారు. "నిన్నటిదాకా బాగానే ఉంది" అంటూ యజమాని వస్తారు. గ్లాసు మార్పించేటప్పుడే కొత్త ప్యాడ్ అడిగి వేయించుకోండి.

అపోహ: కిట్ కొంటే ఏ కారుకైనా సరిపోతుంది. అవసరమైతే కోడింగ్ చేస్తే చాలు.

వాస్తవం: ఇక్కడ కార్లు రెండు రకాలు. పాత, సాదా కార్లలో స్టీరింగ్ కింది కాంబినేషన్ స్విచ్ నుంచి కరెంటు రిలే గుండా నేరుగా వైపర్ మోటారుకు వెళ్తుంది. ఇలాంటి కారులో ఇంటర్మిటెంట్ రిలే, అంటే వైపర్లను ఆగి ఆగి తిప్పే రిలే, స్థానంలో కిట్ డబ్బా కూర్చుంటుంది. స్విచ్‌ను ఇంటర్మిటెంట్ స్థానంలో ఉంచితే అదే ఆటో అవుతుంది. పని తేలిక, నమ్మకంగా కూడా నడుస్తుంది.

కొత్త కార్లలో ఆ స్విచ్ సంకేతం మాత్రమే ఇస్తుంది, మోటారును నడిపేది బీసీఎం (బాడీ కంట్రోల్ మాడ్యూల్) అనే ఎలక్ట్రానిక్ డబ్బా. సెన్సర్ కూడా లిన్ అనే ఒంటి తీగ లైను మీద ఆ బీసీఎంతోనే మాట్లాడాలి. "ఈ కారులో సెన్సర్ ఉంది" అని బీసీఎంకు చెప్పడమే కోడింగ్. కానీ వినడానికి బీసీఎంకు ఆ పిన్ను, లోపల ఆ సర్క్యూటు ఉండాలి కదా! కింది వేరియంట్లలో ఒక్కోసారి అవే ఉండవు. అప్పుడు ఎంత కోడింగ్ చేసినా ప్రయోజనం లేదు, బీసీఎం మార్చాల్సిందే. అందుకే మొదట మీ బీసీఎం పార్టు నంబరు చూసి, వైరింగ్ చిత్రంతో పోల్చి చెప్పగలిగిన మనిషికే పని అప్పగించండి. డబ్బా తెరిచి చూడకుండానే "అయిపోతుంది" అనేవారి దగ్గర కారు వదలకండి. పై వేరియంట్‌లో సున్నితత్వం సర్దుకునే రింగు ఉన్న స్విచ్ వస్తుంది, దాన్ని కూడా మార్చాల్సి రావచ్చు.

అపోహ: తీగ కనిపించకుండా పక్క పిల్లర్‌లో ఎలా దోపినా ఒకటే.

వాస్తవం: నన్ను నిజంగా భయపెట్టేది ఈ మాటే. ముందు గ్లాసు పక్కనున్న పిల్లర్ కవరు కింద చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడత పెట్టి ఉంటుంది. మిర్రర్ తీగను దాని మీదుగా అడ్డంగా వేసి కవరు మూసేస్తే, ప్రమాదం జరిగిన క్షణంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఆ తీగ అడ్డుపడవచ్చు. తీగ ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచే వెళ్లాలి. కంపెనీ హార్నెస్ (తీగల కట్ట) వెళ్లిన దారినే పట్టుకుని, దానికే టేపుతో చుట్టాలి. కవరు తీసే ముందు బ్యాటరీ టెర్మినల్ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి. ఊడదీసిన కవరు క్లిప్పులు కొన్ని రకాల్లో ఒక్కసారికే పనికొస్తాయి, వాటిని కొత్తవి వేయాలి. "ఎయిర్‌బ్యాగ్ ఎటు వైపు ఉంది, తీగ ఎటు వెళ్తోంది" అని మీరు అడగండి. అడిగితే నొచ్చుకునేవారు ఆ పనికి తగరు.

అపోహ: తుపాను వానలో ఆటో వైపర్లు మామూలు వాటికన్నా బాగా తుడుస్తాయి.

వాస్తవం: మోటారు అదే, దాని గరిష్ఠ వేగమూ అదే. సెన్సర్ చేసేది ఆ వేగాన్ని ఎంచుకోవడం మాత్రమే. జాతీయ రహదారి మీద పక్క లారీ ఒక్కసారిగా గ్లాసంతా నీళ్లు చిమ్మితే సెన్సర్ కోసం ఎదురుచూడకుండా చేత్తో వేగం పెంచండి.

అపోహ: సెన్సర్ పెట్టించుకుంటే బ్లేడ్ల గురించి ఆలోచించనక్కర్లేదు.

వాస్తవం: నిజానికి ఇంకా ఎక్కువ ఆలోచించాలి. మన బెజవాడ ఎండలకు రబ్బరు గట్టిపడి పగులుతుంది. అలాంటి బ్లేడు గీతలు గీతలుగా నీటిని వదిలితే, ఆ గీత సెన్సర్ ముందు పడిన ప్రతిసారీ అది మళ్లీ తుడవమంటుంది. వేసవి దుమ్మంతా పేరుకున్న గ్లాసు మీద తొలి నాలుగు చినుకులు పడగానే వైపర్ కదిలితే బురద పూత పడుతుంది, గ్లాసు గీసుకుంటుంది. వానాకాలం మొదట్లో ఆటోలో పెట్టే ముందు వాషర్ నీళ్లతో ఒకసారి కడగండి. నీరు జారిపోయే పూతలు గ్లాసుకు రాయించుకునేవారు కూడా ఒకటి గమనించాలి. చినుకు పరుచుకోకుండా గుండ్రంగా నిలిస్తే సెన్సర్ అంచనా మారుతుంది, సున్నితత్వం మళ్లీ సర్దుకోవాలి.

వాటర్ వాష్‌కు ఇచ్చే ముందు ఆటోను తప్పక ఆపేయండి. తుడుస్తున్న కుర్రవాడి వేళ్లు బ్లేడు కింద ఉండగా వైపర్ కదలకూడదు.

అపోహ: మసకబడే మిర్రర్ ఉంటే ఎదురు లైట్ల బాధ పోతుంది.

వాస్తవం: పోదు. మిర్రర్ వెనక నుంచి వచ్చే వెలుగునే తగ్గించగలదు. గుంటూరు నుంచి రాత్రి వస్తూ కాజ టోల్‌గేటు దాటాక వెనకే అంటిపెట్టుకుని వచ్చే లారీ హైబీమ్‌కు ఇది చక్కని విరుగుడు. ఎదురుగా వచ్చేవారి లైట్లు చెదిరి కనిపిస్తుంటే ముందు గ్లాసు లోపలి వైపు వేలితో గీసి చూడండి. జిడ్డు పొర వస్తుంది. దాన్ని తుడిస్తేనే ఆ బాధ చాలా వరకు తగ్గుతుంది.

ఈ మిర్రర్‌లో రెండు పలుచని గాజు పలకల మధ్య ఎలక్ట్రోక్రోమిక్ జెల్ ఉంటుంది. ఒక వోల్టుకు కాస్త ఎక్కువ కరెంటు ఇస్తే అది ముదురు రంగుకు మారుతుంది, ఆపేస్తే మళ్లీ తేటపడుతుంది. ఫ్యూజు పోయినా మామూలు మిర్రర్‌గా మిగులుతుంది కాబట్టి భయం లేదు. దీనికి రెండు కళ్లు ఉంటాయి. ముందు గ్లాసు వైపు చూసేది రాత్రా పగలా అని తేలుస్తుంది, మన వైపు చూసేది వెనక వెలుగును కొలుస్తుంది. ముందు కంటికి డ్యాష్‌క్యామ్ అడ్డం పెడితే మిట్టమధ్యాహ్నం కూడా రాత్రి అనుకుని నల్లబడుతుంది. వెనక గ్లాసుకు ముదురు ఫిల్మ్ వేస్తే లారీ వెలుగు దానికి చేరనే చేరదు. ముందు, వెనక గ్లాసుల గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలని మోటారు వాహనాల నియమాలు ఎలాగూ చెబుతున్నాయి.

అపోహ: ప్లస్, ఎర్తింగ్ ఇస్తే మిర్రర్ పని అయిపోయినట్టే.

వాస్తవం: మూడో తీగ ఉంది, రివర్స్ లైటు నుంచి రావాలి. రివర్స్ గేరు వేయగానే మిర్రర్ తేటపడాలి, లేకపోతే చీకటి సందులో వెనక్కి వస్తుంటే ఏమీ కనిపించదు. తీగ లాగడానికి బద్ధకించి దీన్ని వదిలేసిన కార్లు ఉన్నాయి. ప్లస్ కూడా ఇగ్నిషన్ వేస్తేనే వచ్చే లైను నుంచి, ఫ్యూజ్ ట్యాప్ (తీగ కోయకుండా ఫ్యూజు దగ్గరే కరెంటు తీసే కప్లర్) పెట్టి తీసుకోవాలి. ఎప్పుడూ కరెంటుండే లైనుకు కలిపితే ఆగి ఉన్న కారు బ్యాటరీని అది కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. కంపెనీ తీగను కోసి మెలేసి టేపు చుడితే, రేపు ఆ సర్క్యూట్‌లో ఏ లోపం వచ్చినా వారంటీ ఇవ్వమంటారు. కప్లర్లు వాడితే విప్పి యథాతథంగా పెట్టేయవచ్చు.

మామూలు మిర్రర్ మీద తగిలించే నీలి అద్దాలు ఇదే పని చేస్తాయన్నది కూడా తప్పే. అవి పగలూ రాత్రీ ఒకేలా మసక. అంతకన్నా మీ మిర్రర్ కింద ఉండే చిన్న మీటను తిప్పుకోవడం మేలు, దానికి ఖర్చే లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు నీట మునిగిన కార్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అలాంటి కారును కొని, లోపల కొత్త సీట్లు చూసి మురిసి, దానికి సెన్సర్లు పెట్టమని తెచ్చేవారు ఉన్నారు. కార్పెట్ ఎత్తి ఎర్తింగ్ బోల్టులు, కప్లర్ పిన్నులు చూస్తే ఆకుపచ్చ తుప్పు కనిపిస్తుంది. ముందు వాటిని శుభ్రం చేసి మల్టీమీటర్‌తో పరీక్షించాలి. లేకపోతే వైపర్లు వాటి ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి, నింద సెన్సర్ మీద పడుతుంది.

అపోహ: బకెట్ నీళ్లు పోస్తే వైపర్ తిరిగింది, మిర్రర్‌కు కరెంటు వచ్చింది, ఇక డబ్బు ఇచ్చేయవచ్చు.

వాస్తవం: బకెట్ నీళ్లకు ఎలాంటి సెన్సరైనా తిరుగుతుంది. పూలకుండీలకు వాడే స్ప్రే సీసాతో సెన్సర్ ఎదుట సన్నగా ఒకసారి కొట్టండి, వైపర్ ఒక్కసారి తుడిచి ఆగాలి. ఆపకుండా కొడుతూ ఉంటే వేగం పెరగాలి. కొట్టడం మానేశాక కొద్దిసేపట్లో పూర్తిగా ఆగిపోవాలి. మిర్రర్‌కైతే ఇగ్నిషన్ వేసి ముందు కంటిని వేలితో మూయండి, మన వైపున్న కంటి మీద ఫోను టార్చి వేయండి. కొన్ని సెకన్లలో గాజు నీలం కలిసిన నలుపులోకి దిగాలి. అలాగే ఉంచి రివర్స్ గేరు వేయిస్తే తేటపడాలి. తర్వాత బిల్లు తీసుకుని, పెట్టించిన వస్తువుల విలువను బీమా కంపెనీకి రాసి పాలసీలో చేర్పించండి. బయట పెట్టించిన ఎలక్ట్రికల్ సామగ్రి పాలసీలో చూపించకపోతే క్లెయిము వచ్చినప్పుడు దాని డబ్బు రాదు.