ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ప్రెస్సు తాతయ్య ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

భీమవరం, రాజమండ్రి, కాకినాడ కాలేజీల నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా మీరు ప్రెస్సులో కూర్చుని నన్ను అడిగేవి రెండు రకాలు. కొందరు "తాతయ్యా, ఈ ఏఐ కోర్సుకి డబ్బు కట్టమంటారా?" అంటారు. ఇంకొందరు "కంపెనీల గొడవ మనకెందుకండీ, ఓపెన్ సోర్స్ ఉండగా!" అంటారు, అంటే లోపలి కోడ్‌ని ఎవరైనా చూసి, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేర్. ఇద్దరికీ కలిపి రాస్తున్నాను, ఎందుకంటే రెంటి మీదా నాకున్న అనుమానం ఒకటే. కొత్త వస్తువు వచ్చినప్పుడు అదేం చేస్తుందో చెప్పడానికి జనం పోటీ పడతారు. అయిదేళ్ల తర్వాత చెడితే ఎవరు బాగుచేస్తారు, ఆ మనిషికి జీతం ఎవరిస్తారు అని అడిగితే నోరు మెదపరు. నేను ముందు అదే అడుగుతాను. మీరూ అడగండి.

కోచింగ్ సెంటర్ల కరపత్రాలు మన ప్రెస్సులోనే వేస్తాం కాబట్టి ఏ కాలంలో ఏ మాట నడిచిందో నాకు బాగా తెలుసు. 2000కి ముందు వైటూకే, మెయిన్‌ఫ్రేమ్, కోబాల్. తర్వాత జావా, ఈ-కామర్స్. మధ్యలో కొన్నాళ్లు బయోఇన్ఫర్మాటిక్స్. ఆ వెనకే బిగ్ డేటా, బ్లాక్‌చెయిన్, మెటావర్స్. ఇప్పుడు జనరేటివ్ ఏఐ, ప్రాంప్ట్ ఇంజనీరింగ్. మాటలు మారుతూ వచ్చాయి గాని "వంద శాతం ప్లేస్‌మెంట్" అనే లైను మాత్రం అదే సైజులో, అదే చోట ఉంటోంది.

వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. వైటూకే నిజమైన సమస్యే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు పెట్టారు, వాటిని కూర్చుని సరిచేశారు, అందులో మనవాళ్ల కష్టం చాలా ఉంది. అమీర్‌పేటలో గదులు అద్దెకు తీసుకుని చదువుకున్న మన జిల్లాల పిల్లలు ఎంతోమంది ఆ పని మీదే అమెరికా వెళ్లారు. కానీ ఆ పని అయిపోతుందని, దానికో తేదీ ఉందని కరపత్రాలు చెప్పలేదు. 2000 మార్చిలో అమెరికాలో టెక్నాలజీ కంపెనీల షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ 5,000 దాటింది. 2002 అక్టోబరుకి 1,100 దగ్గరకు పడిపోయింది. ఉద్యోగాలు పోయి వెనక్కి వచ్చిన పిల్లల్ని చూసిన ఊళ్లు మనవి.

మెటావర్స్ మీకు గుర్తుండే ఉంటుంది, మనుషులు కలుసుకుని తిరిగే కంప్యూటర్ లోకం. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ తన పేరే మెటా అని మార్చుకుంది. మర్నాటి నుంచి ప్రపంచం అందులోనే బతుకుతుందన్నట్టు మాట్లాడారు. 2022లో ఒక్క ఏడాదిలోనే ఆ పని చూసే విభాగానికి సుమారు 1,370 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. ఆ నష్టాన్ని ఆ కంపెనీ తట్టుకుంది. కొబ్బరి అమ్మిన డబ్బు తెచ్చి కొడుకు చేత ఆ కోర్సులో చేరిపించిన తండ్రి ఎలా తట్టుకుంటాడు? నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఏఐ మెటావర్స్ లాంటిది కాదు, దానివల్ల పని జరుగుతోంది. నేనూ ప్రూఫులు చూడటానికి వాడుతున్నాను. చక్కగా రాస్తుంది. తెలియని సంగతి కూడా తెలిసినంత ధీమాగానే రాస్తుంది, అందుకని అది దిద్దిన పేజీని మళ్లీ మనిషి చదవాల్సిందే. ఇంకో సంగతి మీరు లెక్కేసి చూసుకోవచ్చు. ఈ మోడళ్లు వాక్యాన్ని టోకెన్లు అనే ముక్కలుగా విడగొట్టి చదువుతాయి, వాడినందుకు డబ్బు కూడా ఆ ముక్కల లెక్కనే తీసుకుంటారు. ఒకే అర్థం ఉన్న వాక్యానికి ఇంగ్లీషులో కంటే తెలుగులో ఎక్కువ ముక్కలవుతాయి. తెలుగులో అడిగేవాడికి ఖర్చెక్కువ. వేదిక మీద మాట్లాడే పెద్దమనుషులు ఈ మాట చెప్పగా నేను వినలేదు.

ఇక ఓపెన్ సోర్స్ సంగతి. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది నాకు ఇష్టమైన విషయం.

ఇదంతా ఒక ప్రింటర్ దగ్గర మొదలైంది, నాలాంటి ప్రెస్సువాడికి అది సంతోషమే. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే వాడేవాళ్లకు కబురు వెళ్లేలా ప్రోగ్రాము మార్చాలనుకున్నాడు అక్కడి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్. పాత ప్రింటర్‌కి అలాగే చేశాడు. కొత్తదాని సోర్స్ కోడ్, అంటే మనుషులు చదివి మార్చగల అసలు ప్రోగ్రాము, మాత్రం ఇవ్వలేదు. అది ఉన్న వేరే యూనివర్సిటీ మనిషిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానన్నాడు. 1983లో స్టాల్‌మన్, అందరూ చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ తయారుచేయడానికి గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రాము లినక్స్ మొదలుపెట్టాడు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది ఆ లినక్స్ మీదే.

నాకు ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. తెలుగు డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పేజీలు కట్టడం, మొదలైన రోజుల్లో మా ప్రెస్సుల్లో అందరం ఏదో ఒక కంపెనీ ఫాంట్లు కొన్నాం. కంప్యూటర్ వెనక లాక్ అనే చిన్న పరికరం గుచ్చితేనే అవి పనిచేసేవి. పైగా ఆ ఫైళ్లలో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలు, ఒత్తుల బొమ్మలు పెట్టారు. ఆ ఫాంటు లేని మెషీన్లో తెరిస్తే అంతా గజిబిజి. మేం కొన్నదాన్ని అమ్మిన కంపెనీ కొన్నాళ్లకు మద్దతు ఆపేసింది, లాక్ పాడైతే కొత్తది ఇచ్చేవాళ్లు లేరు. ఊరి చరిత్రలు, గుడి సావనీర్లు, కవుల సొంత పుస్తకాలు, మేం రాత్రుళ్లు కూర్చుని కంపోజ్ చేసినవన్నీ ఆ ఫైళ్లలో చిక్కుకుపోయాయి. రాసినవాళ్లు కొందరు పోయారు, అచ్చు కాపీలు చెదలు పట్టాయి. సొమ్ము పెట్టి కొన్న పరికరం మన మాటకే తాళం వేసిందని అప్పుడు అర్థమైంది.

ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. తర్వాత అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు మండలి, గిడుగు, సూరన్న, ధూర్జటి లాంటి ఫాంట్లు విడుదల చేశారు. ఈరోజు మన ప్రెస్సులో శుభలేఖలు వాటితోనే వేస్తున్నాం. ఆ ఫాంటుని ఎవరూ నా దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేరు. ఆ భరోసాని నేను తక్కువ చేయను.

అయితే "అందరిదీ" అన్న మాటలోనే ఒక లోపం కూడా ఉంది. మన డెల్టానే చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాటన్ దొర విగ్రహం లేని ఊరు మనకు అరుదు. కానీ కాలువ తవ్వడంతో పని అయిపోలేదు. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, లాకులు, షట్టర్లు చూసుకోవాలి. ఆ పని ఒక ఏడాది అరకొరగా చేస్తే ఎగువ రైతుకి తెలియను కూడా తెలియదు, వాడి చేనుకి నీళ్లు వస్తూనే ఉంటాయి. మొగల్తూరు వైపు శివారు రైతుకి నారుమడి ఎండిపోతుంది. ఓపెన్ సోర్స్‌లో ఇంగ్లీషు ఎగువన ఉంది. తెలుగు శివారు.

స్క్రైబస్ అని పేజీలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది వచ్చినప్పుడు ఎంతో ఆశపడ్డాం. చాలా ఏళ్లపాటు అందులో తెలుగు సరిగా కూర్చోలేదు. ఒత్తులు ఎక్కడివక్కడ చెదిరిపోయేవి. కోడ్ అందరికీ తెరిచే ఉంది, ఎవరైనా బాగుచేయవచ్చు, అయినా మన వైపు నుంచి ఆ పనికి ఎవరూ కూర్చోలేదు. చివరికి అరబ్బీ లిపి కోసం ఒమన్ దేశపువాళ్లు పట్టుబట్టి పనిచేశారు. 2017లో 1.5.3 వెర్షన్‌తో అది అందులో చేరింది, దానితోపాటే మన ఒత్తులూ కుదిరాయి. ఏటా వేలమంది ఇంజనీర్లను తయారుచేసే మనం, మన లిపి కోసం అరబ్బులు దయ తలిచేదాకా ఆగాం. ఇది నన్ను బాధపెడుతుంది.

తెరిచి ఉన్నంతమాత్రాన ఎవరో చూస్తున్నారనుకోకండి. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే లోపం, ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో రెండేళ్లు అందరి కళ్ల ముందే ఉంది. ఇంటర్నెట్‌లో బ్యాంకుల దగ్గర్నుంచి అందరూ నమ్ముకున్న ఆ సాఫ్ట్‌వేర్‌కి అప్పట్లో పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడు, ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు.

2024 మార్చిలో జరిగిన ఎక్స్‌జెడ్ సంగతి మీరు తప్పక చదవాలి. ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ అది. లినక్స్ మెషీన్లలో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. లాసే కొలిన్ అనే ఆయన ఏళ్ల తరబడి జీతం లేకుండా చూసుకున్నాడు, ఇది జీతం లేని పనని, తనకు తీరడం లేదని బాహాటంగానే చెప్పాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికి వచ్చారు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు తన మెషీన్లో లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని గమనించి, ఎందుకా అని తవ్వి పట్టుకున్నాడు. కోడ్ తెరిచి ఉండబట్టే అతను తవ్వగలిగాడు. అలసిపోయిన మనిషిని ఒంటరిగా వదిలేయబట్టే దొంగ లోపలికి వచ్చాడు. రెండూ ఒకే కథలో ఉన్నాయి, ఒకదాన్నే పట్టుకుని వాదించేవాళ్లను నమ్మకండి.

కంపెనీలు లైసెన్సులు, అంటే కోడ్ వాడుకునే షరతులు, మార్చడమూ చూశాం. 2018లో మోంగోడీబీ, 2021లో ఎలాస్టిక్, 2023లో హాషికార్ప్, 2024లో రెడిస్. పెద్ద క్లౌడ్ కంపెనీలు మా సరుకుని అమ్ముకుని లాభపడుతున్నాయని వాళ్ల ఫిర్యాదు, అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఓపెన్ అని చెప్పి జనాన్ని పోగేసి, అలవాటయ్యాక తలుపు మూయడం సరికాదు. రెడిస్ విషయంలో కొందరు పాత ఓపెన్ కోడ్ తీసుకుని వాల్కీ అని వేరు కాపురం పెట్టారు. మరుసటి ఏడాది రెడిస్ మళ్లీ ఓపెన్ లైసెన్సు ఇచ్చింది. అలా వేరుపడగలగడమే ఇందులో మనకున్న అసలు బలం. ఇప్పుడు "ఓపెన్" అంటున్న ఏఐ మోడళ్లలో కొన్నింటికి ఆ బలమూ సగమే. మెటావారి లామా తీసుకోండి. నెలకు 70 కోట్లమంది కంటే ఎక్కువ వాడే సంస్థలు విడిగా అనుమతి అడగాలని షరతు ఉంది. దేనితో నేర్పించారో ఆ సమాచారం చేతికివ్వరు. దించుకుని వాడుకోండి, నేనేం వద్దనను. కానీ లినక్స్‌తో సమానమని చెబితే ఒప్పుకోకండి.

కోడ్ చూపించని మూసిన సాఫ్ట్‌వేర్‌లో మనకు ఒరిగేదీ ఇంతే. 2018 ఫిబ్రవరిలో ఒక తీరులో కూర్చిన "జ్ఞా" అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. యాపిల్ త్వరగానే సరిచేసింది. సరిచేసేదాకా ప్రపంచంలో తెలుగువాళ్లందరం కలిసినా చేయగలిగింది లేదు.

కాబట్టి కోర్సు సంగతికి నా మాట ఇది. అప్పు చేసి కట్టొద్దు. ప్రోగ్రామింగ్, డేటాబేసులు, నెట్‌వర్క్‌లు, గణితం గట్టిగా నేర్చుకోండి, వాటి మీద ఏఐ నేర్చుకోవడానికి ఉచితంగా దొరికేవే బోలెడు ఉన్నాయి. ఓపెన్ సోర్స్ అని చొక్కా మీద స్టిక్కర్ అంటించుకునేవాళ్లకు కూడా ఒక మాట. ఈ వేసవిలో ఒక్క సాఫ్ట్‌వేర్ ఎంచుకుని దానికి ఒక్క మంచి పని చేయండి.

స్క్రైబస్‌తోనే మొదలుపెట్టండి. నాలుగు పేజీల తెలుగు పుస్తకం కట్టి, పీడీఎఫ్ చేసి చూడండి. ఎక్కడైనా ఒత్తు జరిగినా, పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన మాట తప్పుగా వచ్చినా ఫిర్యాదు రాయండి. "తెలుగు సరిగా రావడం లేదు" అని రాస్తే వాళ్లకు ఏమీ తెలియదు. ఏ వెర్షను, ఏ ఫాంటు, ఏ పదం, ఎలా రావాలి, ఎలా వచ్చింది, ఈ అయిదూ రాసి, బొమ్మ జతచేయండి. ఇంగ్లీషు సరిగా రాదని జంకకండి, అక్కడివాళ్లలో చాలామందికి అది సొంత భాష కాదు. పరీక్షించడానికి జ్యోత్స్న, లక్ష్మి, స్వాతంత్ర్యం, దారిద్ర్యం లాంటి పదాలు తీసుకోండి. ఇంకా కష్టమైనవి కావాలంటే పాత ప్రూఫుల్లో నేను ఎర్ర సిరాతో గుర్తు పెట్టినవి చాలా ఉన్నాయి. వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకోండి, కలిసి టైపు చేద్దాం.

ఇట్లు,
మీ ప్రెస్సు తాతయ్య
పాలకొల్లు