రౌటర్ అంటే వైఫై డబ్బా ఒక్కటే కాదండీ: అపోహలు - వాస్తవాలు

ఐఎస్‌పీ (ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ) నెట్‌వర్క్‌లో పని చేస్తా కాబట్టి ఈ మాటలు రోజూ వింటుంటా.

అపోహ: రౌటర్ అంటే వైఫై.
వాస్తవం: ఫైబర్ వాళ్లు ఇంట్లో పెట్టే డబ్బాలో చాలావరకు నాలుగు పనులు కలిసుంటాయి. ఫైబర్‌లో వచ్చే వెలుతురుని డేటాగా మార్చే ఓఎన్‌టీ, వైర్లు గుచ్చే స్విచ్, వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్, ఆ తర్వాత రౌటర్. రౌటర్ పనల్లా ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి ప్యాకెట్ (డేటా చిన్న ముక్క) దాటించడమే. బెడ్‌రూమ్‌లో సిగ్నల్ లేదని కొత్త రౌటర్ కొనేముందు ల్యాప్‌టాప్‌కి ల్యాన్ వైరు పెట్టి స్పీడ్ చూడండి, అక్కడ ఫుల్ వస్తోందంటే రౌటర్ బానే ఉంది, లోపల గదికి ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టుకుంటే సరిపోతుంది.

అపోహ: ప్రతి రౌటర్‌కీ ఇంటర్నెట్ దారులన్నీ తెలుసు.
వాస్తవం: ఇంటి రౌటర్‌కి బయటకి తెలిసిన దారి ఒక్కటే, డిఫాల్ట్ రూట్, అంటే బయటకి పోయేదంతా ఐఎస్‌పీ వైపు పంపేయడం. వేరే నెట్‌వర్కులతో బీజీపీ (నెట్‌వర్కులు దారులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) మాట్లాడే బోర్డర్ రౌటర్ దగ్గరైతే ఐపీవీ4 (పాత తరహా ఐపీ అడ్రసుల) రూట్లే సుమారు 10 లక్షలు ఉంటాయి. 2014 ఆగస్టు 12న ఆ రూట్ల పట్టిక (టేబుల్) 5,12,000 దాటేసరికి, అంతవరకే టీక్యామ్ మెమరీ (రూట్లని వేగంగా వెతికే ప్రత్యేక మెమరీ) కేటాయించి ఉన్న పాత రౌటర్లు తట్టుకోలేక చాలా దేశాల్లో నెట్ దెబ్బతింది. అందుకే బోర్డర్ రౌటర్ కొనేటప్పుడు స్పీడ్ ఒక్కటే చూస్తే చాలదు, ఎన్ని రూట్లు పడతాయో కూడా అడగాలి.

అపోహ: ఐఎస్‌పీ నెట్‌వర్క్ మధ్యలో ఉండే కోర్ రౌటరే అన్ని పనులూ చేస్తుంది.
వాస్తవం: దాదాపు రివర్స్. ఎంపీఎల్ఎస్ (ప్యాకెట్‌కి లేబుల్ అంటించి పంపే పద్ధతి) నడిచేచోట కోర్ రౌటర్ ప్యాకెట్ మీద లేబుల్ చూసి అవతలికి తోసేస్తుంది అంతే, అది ఎవరిది, ఏ ప్లాన్ అన్నది దానికి అనవసరం, టెరాబిట్లలో ట్రాఫిక్ వస్తుంటే అవన్నీ చూస్తూ కూర్చుంటే కుదరదు కదా. అసలు కష్టమంతా అంచున, అంటే కస్టమర్ల లైన్లు వచ్చి కలిసేచోట ఉండే బీఎన్‌జీ (బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ గేట్‌వే) అనే రౌటర్‌ది, నా దృష్టిలో జనానికి అస్సలు పేరు తెలియని రౌటర్ ఇదే. మీ పీపీపీఓఈ (నెట్ కనెక్షన్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ తీసుకుని, కస్టమర్ల వివరాలు సరిచూసే రేడియస్ సర్వర్‌ని అడిగేది, ఐపీ ఇచ్చేది, 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 100 దగ్గర ఆపేది, రీఛార్జ్ అయిపోతే లైన్ కట్ చేసేది అన్నీ అదే, అందుకే ఒక్క బీఎన్‌జీ పడిందంటే దాని కింద ఉన్న వేలమందికి ఒకేసారి నెట్ పోతుంది.

అపోహ: నెట్ పోతే ముందు రౌటర్ రీసెట్ కొట్టాలి.
వాస్తవం: ఆఫ్ చేసి ఆన్ చేయడం వేరు, పిన్నుతో రీసెట్ వేరు, దయచేసి రీసెట్ కొట్టొద్దు, చాలా డబ్బాల్లో పీపీపీఓఈ సెట్టింగ్స్ కూడా పోతాయి. ముందు లైట్లు చూడండి. ఎల్ఓఎస్ (LOS, ఫైబర్ సిగ్నల్ రావట్లేదని చెప్పే లైట్) ఎర్రగా ఉంటే ఫైబర్ వైపు తేడా, పాన్ (PON, ఫైబర్ లింక్ కుదిరిందని చెప్పే) లైట్ నిలకడగా ఆకుపచ్చగా ఉండి కూడా నెట్ లేదంటే లాగిన్ వైపు చూడాలి. కంప్లైంట్ ఇచ్చేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్తే లైన్‌మ్యాన్‌ని పంపాలో బీఎన్‌జీలో చూడాలో మాకు అక్కడే తెలిసిపోతుంది.