ఫ్లూ టీకా మీద పడిన 36 శాతం నింద

ఫ్లూ టీకా వేయించుకుంటే కరోనా సోకే ముప్పు 36 శాతం పెరుగుతుందన్న మాట 2020 మే నెలలో, అమెరికాలో తయారైన ఒక వీడియో ద్వారా లోకమంతా పాకింది. ఆ అంకె కల్పితం కాదు. అందుకే అది ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలి.

అమెరికా రక్షణ శాఖ సిబ్బంది ఆరోగ్య వివరాలతో గ్రెగ్ వుల్ఫ్ అనే పరిశోధకుడు రాసిన పత్రంలోది అది. 2020 జనవరిలో ‘వ్యాక్సిన్’ అనే వైద్య పత్రికలో అచ్చయింది. అందులోని లెక్కలు మాత్రం 2017-18 ఫ్లూ కాలానివి. కోవిడ్ వుహాన్‌లో బయటపడింది 2019 డిసెంబరులో. వుల్ఫ్ లెక్కించినవి ఎప్పటినుంచో జనంలో తిరుగుతూ జలుబు తెప్పించే పాత కరోనా వైరస్‌లు. టీకా ఫ్లూ నుంచి కాపాడిందని కూడా అదే పత్రం చెప్పింది. ఆ మాట అంకెతోపాటు జనంలోకి రాలేదు.

లెక్క కట్టిన తీరులోనూ పెద్ద లోపం ఉంది. ఆ పాత కరోనా వైరస్‌లు సోకినవారిలో ఎందరు ఫ్లూ టీకా వేయించుకున్నారో, సోకనివారిలో ఎందరు వేయించుకున్నారో పోల్చారు. ఆ సోకనివారిలో ఫ్లూ రోగులను కూడా కలిపేశారు. టీకా పనిచేస్తుంటే ఫ్లూ రోగుల్లో దాన్ని వేయించుకున్నవారు తక్కువే ఉంటారు కదా! వాళ్ళు చేరడంతో ఆ పక్షంలో టీకా వాటా తగ్గింది, కరోనా పక్షంలో ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. టీకా చేసిన మేలే దాని మీద నేరంగా నమోదైంది.

దీన్ని ఎత్తిచూపింది కెనడాకు చెందిన పరిశోధకురాలు డనూటా స్కౌరాన్‌స్కీ బృందం. ఫ్లూ కేసులను పక్కనపెడితే ఆ 36 శాతం నిలవలేదు. 2010-11 నుంచి 2016-17 దాకా ఏడు సీజన్ల కెనడా వివరాల్లోనూ టీకాకూ కరోనా వైరస్‌లకూ ముడి కనిపించలేదు. ఆమె టీకాలను గుడ్డిగా సమర్థించే మనిషి కాదు. అంతకుముందు ఏడాది మామూలు ఫ్లూ టీకా వేయించుకున్నవారిలోనే 2009 స్వైన్ ఫ్లూ ఎక్కువగా కనిపించిందని వెల్లడించిన కెనడా పరిశోధనకు ముందు నడిచింది ఆమే. 2012లో హాంకాంగ్‌లో పిల్లలపై వెలువడిన ఒక చిన్న అధ్యయనమూ టీకా వేసినవారిలో ఇతర శ్వాసకోశ వైరస్‌లు ఎక్కువగా దొరికాయంది. అంటే అనుమానానికి పూర్వచరిత్ర ఉంది. దాన్ని కొట్టిపారేయకుండా పరీక్షించి చూసినవారి మాటకే నేను విలువ ఇస్తాను.

ఫ్లూ టీకా కోవిడ్‌నూ కొంత ఆపుతుందన్న ఆశ కూడా తర్వాత కొన్ని ఆసుపత్రుల లెక్కల నుంచి పుట్టింది. అక్కడా తొందర వద్దు. టీకా వేయించుకునేవారు మిగతా జాగ్రత్తలూ ఎక్కువగా పాటించేవారై ఉండవచ్చు.

ఫ్లూ, కోవిడ్ టీకాలు రెండింటినీ ఒకేసారి వేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో తెలిపింది. మన సార్వత్రిక టీకాల పథకంలో ఫ్లూ టీకా లేదు, సొంత ఖర్చుతో వేయించుకోవాలి. మన దేశంలో ఫ్లూ వానాకాలంలోనూ, జనవరి నుంచి మార్చి వరకూ పెరుగుతుంది. ఉబ్బసం, మధుమేహం ఉన్న పెద్దలు వానలు మొదలవకముందే డాక్టరును అడగడం మేలు.